ఇంట్లో తయారుచేసే ప్లాట్‌ఫామ్ వీడియో గేమ్: లెవెళ్లు, శత్రుపాత్రల రూపకల్పన – ఒక పరిశీలన

సారాంశం:

ఒక పాత్ర పరుగెత్తుతూ, గెంతుతూ, గోతులను, శత్రువులను దాటుకొని గమ్యం చేరే ఆటను ప్లాట్‌ఫామ్ గేమ్ అంటారు. పెద్ద సంస్థల అండ లేకుండా, ఒకరిద్దరు కలిసి ఇంట్లోనే ఇటువంటి ఆటను తయారుచేయడం నేడు సాధ్యమే. అయితే వారికి ఉండే కాలం, శ్రమశక్తి పరిమితమైనవి. ఆ పరిమిత శ్రమను ఎక్కడ వెచ్చిస్తే ఆట బాగుపడుతుందన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. లెవెల్, శత్రువు అనేవి రెండు వేర్వేరు పనులు కావనీ, శత్రువుకు అర్థం అది నిలిచిన స్థలం వల్లనే ఏర్పడుతుందనీ, ఆ రెండింటికీ ఉమ్మడి కొలమానం పాత్ర గెంతేననీ నిరూపించడం దీని ఉద్దేశం. ఇందుకు సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్‌ను ప్రధాన ఉదాహరణగా, కొన్ని సరళమైన లెక్కలను ఆధారంగా తీసుకోవడం జరిగింది.

కీలక పదాలు: ప్లాట్‌ఫామ్ గేమ్, లెవెల్ రూపకల్పన, శత్రుపాత్ర, గెంతు, గడి, చెక్‌పాయింట్, ఆట పరీక్ష.

1. ఉపోద్ఘాతం:

1981లో నింటెండో సంస్థ విడుదల చేసిన డాంకీ కాంగ్ ఆటలో, దొర్లివచ్చే పీపాల మీదుగా గెంతడం ప్రధానమైన చర్య. 1985లో అదే సంస్థ నుండి షిగెరు మియామోతో, తకాషి తెజుకా ప్రభృతుల రూపకల్పనలో వెలువడిన సూపర్ మారియో బ్రదర్స్ ఆ గెంతును పక్కకు సాగిపోయే విశాలమైన లోకంలోకి తెచ్చింది. తరువాత వచ్చిన ఎన్నో ప్లాట్‌ఫామ్ ఆటలకు అది ఒరవడి అయింది. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. చోటు చాలక మేఘానికి, పొదకు ఒకే బొమ్మను వాడి రంగు మాత్రం మార్చారు.

నేటి ఔత్సాహికునికి అటువంటి ఇబ్బంది లేదు. గొడో వంటి గేమ్ ఇంజన్ ఉచితంగా లభిస్తుంది. పిల్లలు సైతం స్క్రాచ్‌లో చిన్న ఆటలు కట్టగలుగుతున్నారు. అతనికి ఉన్న కొరత కాలానిది. జపాన్‌కు చెందిన డైసుకే అమాయా ఒంటరిగా తయారుచేసి 2004లో ఉచితంగా విడుదల చేసిన కేవ్ స్టోరీకి సుమారు ఐదేళ్లు పట్టింది. మరోవైపు, 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆటకు మూలరూపాన్ని మ్యాడీ థార్సన్, నోయెల్ బెర్రీ 2015లో పికో-8 అనే చిన్న సాధనంపై నాలుగు రోజుల్లో తయారుచేశారు. ఐదేళ్లయినా, నాలుగు రోజులైనా, ఆ కాలాన్ని దేనిమీద వెచ్చించాలన్నదే అసలు సమస్య. కొత్తగా ఆట కట్టేవారు తరచుగా కొత్త కొత్త శత్రువుల బొమ్మలు గీయడంలో నెలలు గడిపి, చివరికి వాటిని ఖాళీ మైదానాల్లో వరుసగా నిలబెడతారు. అటువంటి ఆటలో ఇరవై రకాల శత్రువులున్నా ఆటగాడు చేసే పని ఒక్కటే అవుతుంది.

2. గెంతు అనే కొలబద్ద:

తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు నేలమీద గళ్లు గీసేటప్పుడు వాటి వెడల్పును తమ కాలి గెంతుకు తగినట్లే గీస్తారు. గెంతు అందని గడిని ఎవరూ గీయరు. మరీ దగ్గరగా గీస్తే ఆటలో పస ఉండదు. ప్లాట్‌ఫామ్ ఆటకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పాత్ర గెంతు స్థిరపడకముందు లెవెల్ గీయడం వృథా శ్రమ. ఎందుకంటే గెంతు ఎత్తు కొంచెం మారినా అప్పటివరకు గీసిన గోతులన్నీ మళ్లీ కొలవవలసి వస్తుంది.

2.1 గెంతు లెక్క:

తెరను 16 పిక్సెళ్ల గళ్లుగా విభజించామని అనుకుందాం. పాత్ర 4 గళ్లు, అంటే 64 పిక్సెళ్ల ఎత్తుకు ఎగరాలి. శిఖరానికి చేరడానికి 0.4 సెకన్లు పట్టాలి. ఎత్తును రెట్టించి కాలంతో భాగిస్తే ఆరంభ వేగం వస్తుంది: 2 × 64 ÷ 0.4 = సెకనుకు 320 పిక్సెళ్లు. ఆ వేగాన్ని మళ్లీ అదే కాలంతో భాగిస్తే గురుత్వ త్వరణం 800 అవుతుంది. ఎక్కడానికి 0.4, దిగడానికి 0.4 కలిపి పాత్ర 0.8 సెకన్లు గాలిలో ఉంటుంది. పరుగు వేగం సెకనుకు 120 పిక్సెళ్లయితే, సమతలంలో ఒక్క గెంతుకు దాటగల దూరం 96 పిక్సెళ్లు, అనగా 6 గళ్లు.

అవతలి గట్టు ఎత్తుగా ఉంటే ఈ దూరం తగ్గుతుంది. గట్టు 2 గళ్లు ఎత్తులో ఉంటే పాత్ర గాలిలో ఉండే కాలం సుమారు 0.68 సెకన్లు, దాటగల దూరం 5 గళ్లకు కొంచెం ఎక్కువ. గట్టు 3 గళ్లు ఎత్తయితే కాలం 0.6 సెకన్లు, దూరం నాలుగున్నర గళ్లు. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోవడం లెవెల్ గీయడంలో తొలి మెట్టు.

2.2 హద్దుకు, అలవాటుకు నడుమ:

6 గళ్లు దాటగలదని 6 గళ్ల గొయ్యి తవ్వరాదు. అది గణితం చెప్పే హద్దు. ఆటగాడి వేలు అంత కచ్చితంగా ఉండదు. పై లెక్క ప్రకారం తొలి లెవెళ్లలో 3 గళ్లు, అలవాటు పడ్డాక 4, పరీక్షించదలచిన చోట 5 గళ్లు తగిన కొలతలు. గట్టు అంచు దాటిన వెంటనే మీట నొక్కినా గెంతును అంగీకరించే సదుపాయం కూడా అవసరం. సెలెస్ట్‌లో ఈ వెసులుబాటు 0.1 సెకను. అలాగే నేలను తాకడానికి క్షణం ముందే మీట నొక్కితే, ఆ ఆజ్ఞను గుర్తుంచుకొని నేల తగలగానే అమలు చేయాలి. ఆటగాడు ఈ రెండింటినీ గమనించడు. ఆట తన మాట వింటున్నదని మాత్రం అతనికి అనిపిస్తుంది.

3. లెవెల్ పాఠం చెప్పే తీరు:

మంచి లెవెల్ అక్షరాలతో సూచనలు ఇవ్వదు. స్థలమే గురువవుతుంది. సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్‌ను ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

ఆట మొదలైనప్పుడు పాత్ర తెరకు ఎడమవైపున ఉంటుంది. కుడివైపు ఖాళీ స్థలం. ఎటు వెళ్లాలో ఆ ఖాళీయే చెబుతుంది. కొంత దూరంలో ప్రశ్నార్థకం ఉన్న పెట్టె మెరుస్తుంది. అంతలో ఎదురుగా గూంబా అనే శత్రువు నెమ్మదిగా నడిచివస్తుంది. దాన్ని తాకితే పాత్ర చనిపోతుంది. అయితే ఆట అప్పుడే మొదలైంది కనుక నష్టం కొన్ని సెకన్లే. గెంతడం తప్ప మరో దారి లేదని ఆటగాడు తెలుసుకుంటాడు. గెంతే క్రమంలో దానిపై పడితే అది అణగిపోతుందని కూడా తెలుస్తుంది. ఒక పెట్టె నుండి వెలువడిన పుట్టగొడుగు కుడివైపు కదిలి, కిందపడి, గొట్టానికి తగిలి ఆటగాని వైపే తిరిగివస్తుంది. దాన్ని తప్పించుకోవడం కష్టం. తాకగానే పాత్ర పెద్దదవుతుంది. ఈ విధంగా ఒక మేలు, ఒక కీడు రెండూ మొదటి తెరల్లోనే ఎరుకవుతాయి.

అదే లెవెల్ చివరి భాగంలో ఎదురెదురుగా రెండు మెట్ల వరుసలు వస్తాయి. వాటి నడుమ నేల ఉంటుంది. గెంతు తప్పినా ప్రాణం పోదు. వెంటనే అటువంటివే మరో రెండు మెట్ల వరుసలు వస్తాయి. ఈసారి నడుమ ఉన్నది గొయ్యి. మొదట అపాయం లేని అభ్యాసం, ఆ తరువాత అదే పని అపాయంతో. ఆట మొత్తానికీ పునాది అయిన బోధనా పద్ధతి ఈ నాలుగు మెట్ల వరుసలలో ఉంది.

3.1 నాలుగు దశలు:

సూపర్ మారియో త్రీడీ ల్యాండ్ (2011) దర్శకుడు కొయిచి హయాషిదా తమ లెవెళ్ల నిర్మాణాన్ని కిషోతెన్‌కెత్సు అనే నాలుగు దశల కథన పద్ధతితో పోల్చి వివరించారు. పరిచయం, విస్తరణ, మలుపు, ముగింపు అనేవి ఆ దశలు. ఇంట్లో ఆట కట్టే వ్యక్తికి ఇది చక్కని చట్రం. ఉదాహరణకు, కాలు పెట్టిన కాసేపటికి కూలిపోయే గట్టును ఒక లెవెల్‌కు ప్రధానాంశంగా తీసుకుందాం. లెవెల్ పొడవు 120 గళ్లనుకుంటే, ఒక్కో దశకు 30 గళ్లు కేటాయించవచ్చు.

• మొదటి దశలో కూలే గట్టు కింద నేల ఉంటుంది. పడిపోయినా ఏమీ కాదు.
• రెండవ దశలో అటువంటి గట్లు మూడు వరుసగా, గోతి మీద ఉంటాయి.
• మూడవ దశలో కూలే గట్టే సాధనమవుతుంది. దానితో పాటు కిందికి దిగితే తప్ప లోపలి దారి కనబడదు.
• నాలుగవ దశలో నేర్చినదంతా ఒక్కసారి చూపించి, ఆటగాడు గమ్యం చేరుతాడు.

కొత్త సరంజామా ఏదీ చేర్చకుండా, ఒకే వస్తువుతో నాలుగు రకాల అనుభవాలు దీనివల్ల లభిస్తాయి.

4. శత్రుపాత్ర రూపకల్పన:

శత్రువును బొమ్మతో మొదలుపెట్టడం సాధారణంగా జరిగే పని. నిజానికి క్రియతో మొదలుపెట్టాలి. ఆటగానికి ఉన్న క్రియలు నడక, గెంతు, తొక్కడం అయితే, ఒక్కో శత్రువు వాటిలో ఏదో ఒకదాన్ని ప్రశ్నించాలి.

సూపర్ మారియో బ్రదర్స్‌లో గూంబా 'గెంతగలవా?' అని అడుగుతుంది. తాబేలు వంటి కూపాను తొక్కితే అది చావదు, చిప్పలోకి ముడుచుకుంటుంది. దాన్ని తన్నితే దారిలోని శత్రువులను చంపుతుంది; గోడకు తగిలి తిరిగివచ్చి ఆటగానినీ చంపుతుంది. ఒంటినిండా ముళ్లున్న స్పైనీని తొక్కరాదు. అంతవరకు అలవాటైన క్రియను అది నిరాకరిస్తుంది. ఆ సంగతి దాని ఆకారమే చెబుతుంది. సూపర్ మారియో బ్రదర్స్ 3 (1988)లోని బూ అనే దయ్యం, ఆటగాడు వెనుదిరిగినప్పుడు వెంటబడి, తనవైపు చూస్తే ఆగిపోతుంది. ముందుకు సాగాలంటే వెన్ను చూపాలి. వెన్ను చూపితే ముప్పు. ఈ వైరుధ్యమే ఆ శత్రువు.

మొదట్లో కూపాయే తొలి శత్రువుగా ఉండేదనీ, తొక్కి ఆపై తన్నవలసిన రెండంచెల పని కొత్తవారికి కష్టమని తేలాక, ఒక్క తొక్కుతో పోయే గూంబాను చివరి దశలో చేర్చారనీ రూపకర్తలు తరువాతి కాలంలో వివరించారు. అప్పటికి చోటు మిగలలేదు. అందుకే గూంబా నడకకు ఒకే బొమ్మను కుడి ఎడమలుగా తిప్పి వాడారు. సుప్రసిద్ధమైన ఆ శత్రువుకు ఉన్నది ఒక్క బొమ్మ, ఒక్క ప్రశ్న.

4.1 శత్రువు స్థితులు:

ప్రోగ్రామ్ పరంగా శత్రువును కొన్ని స్థితుల సముదాయంగా రాయడం సులభం. గస్తీ, హెచ్చరిక, దాడి, విరామం అనే నాలుగు స్థితులు చాలా శత్రువులకు సరిపోతాయి. వీటిలో కొత్తవారు తరచుగా వదిలివేసేది హెచ్చరిక. కంటికి కనబడినదానికి మీట నొక్కడానికే మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. ఏం చేయాలో ఆలోచించి నిర్ణయించడానికి అంతకన్నా ఎక్కువ కావాలి. కావున దాడికి ముందు అర సెకను పాటు శత్రువు వంగడమో, రంగు మారడమో, చప్పుడు చేయడమో అవసరం. దాడి తరువాతి విరామం ఆటగానికి ఎదురుదెబ్బ తీసే అవకాశమిస్తుంది.

4.2 కనబడే దూరం:

తెర వెడల్పు 320 పిక్సెళ్లు, పాత్ర తెర మధ్యలో ఉందనుకుందాం. పాత్ర సెకనుకు 120, ఎదురుగా వచ్చే శత్రువు 40 పిక్సెళ్ల వేగంతో కదిలితే, నడుమనున్న 160 పిక్సెళ్లు ఒక్క సెకనులో కరిగిపోతాయి. కెమెరాను ముందుకు జరిపి పాత్రను తెరలో మూడోవంతు దగ్గర ఉంచితే, ఎదుట 213 పిక్సెళ్లు కనబడి, వ్యవధి 1.3 సెకన్లకు పెరుగుతుంది. శత్రువు వేగం తగ్గించకుండానే ఆట న్యాయంగా మారుతుంది. దీన్నిబట్టి శత్రువు కాఠిన్యం దాని వేగంలోనే కాక, దాన్ని చూపించే తెరలోనూ ఉందని గ్రహించాలి.

5. స్థలం, శత్రువు – కలయిక:

సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆకుపచ్చ కూపా గట్టు అంచున ఆగక కింద పడిపోతుంది. ఎర్ర కూపా అంచు దగ్గర వెనుదిరుగుతుంది. సమతలమైన నేలమీద ఈ రెండింటికీ తేడా లేదు. గాలిలో వేలాడే గట్టు మీద పెట్టినప్పుడే ఒకటి గట్టును విడిచిపోయే బాటసారి, మరొకటి దాన్ని కాపలా కాసే కావలివాడు అవుతాయి. శత్రువు గుణాన్ని స్థలం బయటపెడుతుందనడానికి ఇది స్పష్టమైన నిదర్శనం. ప్రోగ్రామ్‌లో ఈ తేడాకు కావలసింది స్వల్పం: అడుగు ముందు నేల ఉందా లేదా అని చూసే ఒక్క పరీక్ష.

ఈ సూత్రాన్ని ఒక ఊహాత్మక శత్రువుకు అన్వయిద్దాం. అడ్డంగా అటూ ఇటూ నడిచే పీత మన శత్రువు. అది అంచు దగ్గర వెనుదిరుగుతుంది, తొక్కితే చస్తుంది. ఇంతకుమించి దానికి ఏ తెలివీ లేదు. దాన్ని ఐదు చోట్ల ఉంచి చూద్దాం.

• విశాలమైన నేల మీద: గెంతితే చాలు. ఇది పరిచయం.
• గోతి అవతల, పాత్ర దిగవలసిన గట్టు మీద: ఎప్పుడు గెంతాలో ముందే లెక్కవేయాలి. ఇది సమయానికి పరీక్ష.
• తక్కువ ఎత్తు పైకప్పు కింద: మామూలు గెంతుకు తల తగులుతుంది. మీటను కొద్దిగా నొక్కి చిన్న గెంతు వేయాలి. ఇది అదుపుకు పరీక్ష.
• పాత్ర గెంతుకు అందని ఎత్తైన గట్టు కింద: పీతను తొక్కినప్పుడు లభించే ఎగురుడే పైకి చేర్చే మెట్టు. శత్రువే ఇక్కడ సాధనం.
• కూలే గట్ల మీద: ఆగి ఆలోచించే వీలు లేదు. ఇది తెగువకు పరీక్ష.

ఒక బొమ్మ, కొద్ది వరుసల ప్రోగ్రామ్, ఐదు సమస్యలు. ఇటువంటి శత్రువులు మూడు, స్థలాలు ఐదు అయితే పదిహేను సమస్యలు లభిస్తాయి. పదిహేను రకాల శత్రువులను గీయడానికి పట్టే శ్రమతో పోలిస్తే ఇది స్వల్పం. పైగా ఆటగానికి ఇది మరింత సంతృప్తినిస్తుంది. పాత పరిచయస్తుడు కొత్త చోట ఎదురైనప్పుడు, తాను నేర్చిన విద్యను వాడుకొనే అవకాశం అతనికి దొరుకుతుంది.

6. ఓటమిలో న్యాయం:

ప్లాట్‌ఫామ్ ఆటలో ఓటమి సహజం. ఓడినవాడు 'ఈసారి దాటుతాను' అనుకుంటే ఆట నిలుస్తుంది. 'ఇదేం ఆట' అనుకుంటే అక్కడితో ఆగిపోతుంది. ఈ తేడాకు కారణం కాఠిన్యం కన్నా న్యాయమే. 2010లో వచ్చిన సూపర్ మీట్ బాయ్ చాలా కఠినమైన ఆట. అయినా పాత్ర చనిపోయిన మరుక్షణమే లెవెల్ మళ్లీ మొదలవుతుంది, లెవెళ్లు చిన్నవి. అందువల్ల వందసార్లు ఓడినా విసుగు రాదు.

ఓటమి ఖరీదును లెక్కకట్టవచ్చు. కష్టమైన గెంతుకు 40 సెకన్ల దూరంలో చెక్‌పాయింట్ ఉందనుకుందాం. ఆటగాడు అక్కడ పదిసార్లు విఫలుడైతే, ఇదివరకే దాటిన దారినే మళ్లీ నడవడానికి 400 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాలకు పైగా ఖర్చవుతుంది. చెక్‌పాయింట్‌ను 5 సెకన్ల దూరానికి జరిపితే ఆ వృథా 50 సెకన్లకు తగ్గుతుంది. గెంతు కష్టం మాత్రం ఏమీ తగ్గలేదు. శిక్ష వేరు, సవాలు వేరు అని రూపకర్త గుర్తించాలి.

తాకిడి హద్దుల విషయంలోనూ ఇదే దృష్టి అవసరం. శత్రువు బొమ్మ కన్నా దాని తాకిడి హద్దు కొంచెం చిన్నదిగా, బహుమతుల హద్దు కొంచెం పెద్దదిగా ఉండాలి. అపాయాన్ని రంగుతో మాత్రమే సూచించరాదు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియనివారు కూడా ఆటగాళ్లలో ఉంటారు. అందువల్ల ముళ్లు, కొమ్ములు వంటి ఆకారాలతోనూ అపాయం తెలియాలి. తెర వెలుపల నుండి హెచ్చరిక లేకుండా వచ్చే బాణం, దిగే చోటు కనబడకుండా దూకమనే గొయ్యి ఏ లెవెల్‌లోనూ సమర్థనీయం కావు.

7. పరీక్షించే విధానం:

తన ఆట ఎంత కష్టమో చెప్పగలవారిలో రూపకర్త చివరివాడు. ప్రతి గోతినీ వందల సార్లు దాటిన అతనికి ఏదీ కష్టంగా తోచదు. కావున ఆటను ఇతరుల చేత ఆడించాలి. ఆ సమయంలో అతను పాటించవలసిన ప్రథమ నియమం మౌనం. 'అక్కడ గెంతు' అని పక్కనుండి చెప్పినప్పుడల్లా, లెవెల్ చెప్పలేకపోయిన పాఠాన్ని అతను నోటితో పూరిస్తున్నాడన్నమాట. ఆట ఇతరుల ఇళ్లకు చేరినప్పుడు అతను ఆ పక్కన ఉండడు.

పాత్ర చనిపోయిన ప్రతిసారీ ఆ చోటును ప్రోగ్రామ్ ద్వారా నమోదు చేసి, లెవెల్ పటం మీద చుక్కలుగా చూపించవచ్చు. చుక్కలు ఒకేచోట గుమిగూడితే అక్కడ పరిశీలన అవసరం. అయితే చుక్కల సంఖ్య ఒక్కటే తీర్పు కాదు. ఆటగాడిని మూడు ప్రశ్నలు అడగాలి: నిన్ను ఓడించింది ఏది? ఎందుకు ఓడిపోయావు? ఈసారి ఏం చేస్తావు? మూడింటికీ జవాబు చెప్పగలిగితే ఆ చోటు కష్టమైనదే గాని అన్యాయమైనది కాదు. చెప్పలేకపోతే లోపం లెవెల్‌లో ఉంది. దాన్ని సరిచేసేటప్పుడు శత్రువును తొలగించడం కన్నా ముందు, అదే శత్రువును అంతకుముందొకసారి సురక్షితమైన చోట పరిచయం చేశామా అని చూసుకోవాలి.

సూపర్ మారియో బ్రదర్స్ లెవెళ్లను గళ్ల కాగితం మీద గీసేవారు. ఇంట్లో ఆట కట్టేవారికి ఈనాటికీ అది ఉపయోగపడే పద్ధతే. కాగితం మీద ఒక గొయ్యిని చెరిపి మళ్లీ గీయడానికి నిమిషం చాలు. రంగులు, నీడలు అద్దిన తరువాత అదే మార్పుకు మనసొప్పదు. కావున లెవెల్‌ను ముందు బోసి గళ్లతో కట్టి, ఆడించి, సరిచేసి, ఆ తరువాతే అలంకరించాలి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• పాత్ర గెంతు స్థిరపడ్డాకే లెవెల్ గీయాలి. గోతులు, గట్లు, శత్రువుల వేగం, అన్నింటికీ అదే కొలబద్ద.
• ప్రతి కొత్త అంశాన్ని మొదట అపాయం లేని చోట పరిచయం చేసి, ఆ తరువాతే పరీక్షించాలి.
• శత్రువును బొమ్మగా కాక, ఆటగాని క్రియను ప్రశ్నించేదిగా భావించాలి.
• కొత్త శత్రువును చేర్చేముందు, ఉన్న శత్రువును కొత్త స్థలంలో ఉంచి చూడాలి.
• సవాలును కాపాడుతూ శిక్షను తగ్గించాలి.
• ఇతరులు ఆడుతుండగా మౌనంగా గమనించాలి.

ఒంటరిగా ఆట కట్టే వ్యక్తి పెద్ద సంస్థలతో బొమ్మల సంఖ్యలో గాని, లెవెళ్ల సంఖ్యలో గాని పోటీపడలేడు. పడనవసరమూ లేదు. మూడు రకాల శత్రువులు, పది లెవెళ్లు ఉన్న చిన్న ఆట అయినా, ప్రతి గొయ్యీ కొలిచి తవ్వినదైతే, ప్రతి శత్రువూ తగిన చోట నిలిచినదైతే, దాన్ని ఆడినవారు చివరిదాకా ఆడతారు. మొదలుపెట్టిన ఆట పూర్తికావడానికి, పూర్తయిన ఆట ఆటగాని చేతిలో నిలవడానికి ఆ పొదుపే ఆధారం.